చిల్లు లేని బెల్లం పెనం

1974 జూన్‌లో, కాలువలకు కొత్తనీరు వదిలిన వారంలో, నన్ను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక కాలువల డివిజన్ ఆఫీసుకు మాలీగా వేశారు. ఏ కాలువ, ఏ డివిజన్ అని అడక్కండి. అందులో పనిచేసినవాళ్ళ మనవలు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, నాకు ఇంకా పింఛను వస్తోంది.

అంతకుముందు ఐదేళ్ళు లాకుల దగ్గర, గట్ల మీద, ఇన్‌స్పెక్షన్ బంగళాల్లో, ఎక్కడ గడ్డి పెరిగితే అక్కడికి నన్ను తోలేవాళ్ళు. సొంతూరు మైలవరం పక్కన ఒక మెట్టపల్లె. ఆరో తరగతిలో లెక్కల మేస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చి, బడిని ఆయనకే వదిలేసి వచ్చాను. తరవాత మామిడితోటల్లో అంట్లు కట్టడం నేర్చుకున్నాను. అంచేత నా చేతికి మొక్కలు తెలుసు, నా నోటికి ఎదటివాళ్ళ లోపాలు తెలుసు. ఐదేళ్ళయినా పర్మనెంటు కాకపోవడానికి ఈ రెండోదే కారణమని మా ఆవిడ అనేది.

నేనప్పుడు మస్టరు మీద ఉన్నాను. మస్టరంటే హాజరుపట్టీ. రోజూ పొద్దున్నే అందులో పేరు పిలుస్తారు. పిలిచినంతకాలం ఉద్యోగం ఉన్నట్టు, పిలవని రోజున లేనట్టు. కాగితం ఇవ్వరు, కారణం చెప్పరు. ఆ వేసవిలోనే మస్టరు మీదున్న మా ఏడుగురిలో ముగ్గురి పేర్లు అలా పిలవడం మానేశారు. పర్మనెంటు చెయ్యదగ్గవాళ్ళ జాబితా ఏడాదికి ఒక్కసారి తయారవుతుంది. తయారుచేసేది ఈ.ఈ. గారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, డివిజన్‌కి పెద్దదిక్కు. సంతకం పెట్టేది ఆయనపైన ఉండే ఎస్.ఈ. గారు, అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు. ఆయన జనవరిలో తనిఖీకి వస్తారు. ఆ జాబితాలో పేరుంటే మనిషి, లేకపోతే మస్టరు.

చేరిన నాలుగోరోజున ఈ.ఈ. గారు పిలిచారు. ఆయన అప్పుడే బెంగుళూరు వెళ్ళొచ్చారు. అక్కడ ఒక హోటలు ముందు పెద్ద తొట్టిలో అయిదురకాల పూలు కలిపి నాటారట. ఎంత పెద్ద తొట్టో చేతులు చాపి చూపించబోతే టేబులు మీది సిరాబుడ్డి పడింది. "అలాంటిది మన పోర్టికో ముందు ఉండాలయ్యా. ఎస్.ఈ. గారు జీపు దిగగానే కళ్ళకి ముందు అదే కనపడాలి" అన్నారు. సిరా తుడుచుకుంటూ, మామూలుగా అన్నట్టు, "జాబితా సంగతీ అప్పుడే చూద్దాం" అన్నారు.

పూల పేర్లు పెన్సిలుతో రాసి ఇచ్చారు. మధ్యలో మెట్టతామర, చుట్టూ చామంతి, బంతి, కోడిజుట్టు, అంచు వెంట కిందికి వేలాడేలా గడ్డి గులాబీ. అందం విషయంలో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. పొడుగువి మధ్య, పొట్టివి చుట్టూ, పాకేవి అంచున. తొట్టికి సూత్రం అదే. చిక్కల్లా దాహం దగ్గర వస్తుంది.

"అయ్యా, ఇవి అయిదూ ఒక్కలా తాగవండి. మెట్టతామర గేదెలాంటిది, నీళ్ళలో పడుకోబెట్టినా కాదనదు. చామంతి మగపెళ్ళివారు, తక్కువైనా అలుగుతుంది, ఎక్కువైతే లేచిపోతుంది. గడ్డి గులాబీ మా మైలవరం మనిషండి, నీళ్ళు పొయ్యడం మర్చిపోతేనే సుఖంగా ఉంటుంది" అన్నాను.

"బెంగుళూరులో ఉన్నాయి కదయ్యా" అన్నారాయన. పూల పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తొట్టి కోసం స్టోర్సుకు వెళ్ళాను. స్టోర్‌కీపరు యేసురత్నం గారు, మంచి మనిషి. నా కథలో ఇబ్బందంతా మంచివాళ్ళతోనే వచ్చింది. ఆయనకి లోకంలో రెండు పుస్తకాలే పవిత్రం: ఒకటి బైబిలు, రెండోది స్టాకు రిజిస్టరు. రెండిట్లోనూ ఒక్క అక్షరం మార్చనివ్వరు.

ఆయన నాకు చూపించింది బెల్లం వండే ఇనప పెనం. నిలువెత్తు మనిషి అడ్డంగా పడుకుంటే సరిపోయే వెడల్పు, మోకాటిలోతు, అడుగు చదును, నాలుగు పక్కలా నాలుగు చెవులు. అంతకు రెండేళ్ళ ముందు వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పూడిక తీస్తుంటే బురదలో దొరికిందట. ఏ చెరకు రైతు పడవలోంచి జారిపడిందో, ఆనవాలు చెప్పి ఎవరూ రాలేదు. దాన్ని కడిగి స్టోర్సులో పెట్టారు. తొట్టిగా భేషైన సరుకు. వంగి అడుగు తడిమి చూశాను.

"చిల్లేదండీ?"

"పెనానికి చిల్లేమిటి సూరయ్యా?"

"బెల్లానికి అక్కర్లేదండి, మొక్కకి కావాలి. అడుగున నీళ్ళు నిలబడితే వేళ్ళు కుళ్ళిపోతాయి. కమ్మరి దగ్గర ఉలీ సుత్తీ తెచ్చి నాలుగు పొడుస్తాను. పావుగంట పని."

ఆయన రిజిస్టరు తెరిచి నావైపు తిప్పారు. వేలుపెట్టి చదివారు: ఇనప పెనం, పెద్దది, ఒకటి, మంచి స్థితి.

"నువ్వు నాలుగు చిల్లులు పొడిచాక ఇది మంచి స్థితేనా?"

"తొట్టికైతే మరీ మంచి స్థితండి."

"ఇందులో తొట్టి అని లేదు, పెనం అని ఉంది. చిల్లుపడ్డ పెనం పనికిరాని సరుకు. మంచి సరుకుని పనికిరాని సరుకు చెయ్యాలంటే ముందు సర్వే రిపోర్టు రాయాలి, మూడు కాపీలు. ఈ.ఈ. గారు సిఫార్సు చెయ్యాలి. ఎస్.ఈ. గారు మంజూరు చెయ్యాలి. అవన్నీ లేకుండా నువ్వు ఉలి పెడితే దాన్ని ప్రభుత్వ ఆస్తి పాడుచెయ్యడం అంటారు నాయనా. మస్టరు మనిషివి. నా మాట విను."

నా మేలుకోరే చెప్పారు. అదే నా ఖర్మ.

ఈ.ఈ. గారి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాను. ఆయన రూల్సు పుస్తకం తిరగేసి, రత్నం గారు చెప్పిందే నిజమన్నారు. ఆలోచించండి. ఆయన ఒక్కమాట అంటే లాకులు లేస్తాయి, ఒక్కమాట అంటే దిగుతాయి. ఊళ్ళకి ఊళ్ళకే నీళ్ళు వదిలే మనిషికి, ఒక పెనంలోంచి చెంబెడు నీళ్ళు బయటికి వదిలే అధికారం లేదు.

"కాగితం పెడదాం. నువ్వు ఈలోగా నాటెయ్. చిల్లు వెనకాల వస్తుంది" అన్నారు, చిల్లేదో మనియార్డరులో వస్తున్నట్టు.

జులై మొదట్లో మూడు కాపీలూ పైకి వెళ్ళాయి. నేను నాటాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, తొట్టిమట్టి అంటే తోటలో మట్టి తెచ్చి పొయ్యడం కాదు. డెల్టా నల్లమట్టి తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. అందుకని కాలువ ఒండ్రు రెండు పాళ్ళు, ఏటి ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి జల్లించాలి. పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విచ్చుకోవాలి. అడుగున కుండపెంకులు బోర్లా పరిచాను. చిల్లు లేనిచోట పెంకులు పరచడం, తలుపు లేని ఇంటికి గొళ్ళెం పెట్టడమే. అయినా పరిచాను. నాటడం పూర్తయిన సాయంత్రం ఆఫీసంతా వచ్చి చూసింది. అందరూ బాగుందన్నారు. అన్నవాళ్ళు ఊరుకోలేదు, తలా ఇన్ని నీళ్ళు పోశారు.

అసలు జబ్బు ఇక్కడుంది. మా మెట్టలో మొక్కని చూస్తే ముందు నీడ ఉందా అని చూస్తాం. ఈ డెల్టావాళ్ళు మొక్కని చూస్తే నీళ్ళు పోస్తారు. తప్పు వాళ్ళది కాదు. పుట్టినప్పటినుంచీ వరిమడి చూసి పెరిగారు. కాళ్ళు నీళ్ళలో లేని మొక్కంటే వాళ్ళకి చెప్పుల్లేని పెళ్ళికొడుకుని చూసినట్టు జాలి. అందులో ఇది కాలువల ఆఫీసు. గుమాస్తాలు టిఫిను తిని గిన్నె అందులోనే కడిగేవాళ్ళు. డ్రైవరు జీపు కడిగి మిగిలిన బకెట్టు అందులో వంచేవాడు. నీటితీరువా పనిమీద వచ్చిన రైతులు అరుగుమీద కూచుని కాలక్షేపానికి పోసేవాళ్ళు.

వీళ్ళందర్నీ మించింది నాంచారమ్మ. ఆఫీసుకి మంచినీళ్ళు తెచ్చి కుండలు నింపే మనిషి. బందరు అవతల సముద్రం పల్లెకారుల పిల్ల. మొగుడు పోయాక బెజవాడ వచ్చి ఉద్యోగంలో చేరింది. నాకంటే పదేళ్ళు పెద్ద. రోజూ పొద్దున్నే కుండల్లో నిన్నటి నీళ్ళు పారబొయ్యాలి. ఎక్కడ పారబొయ్యాలి? అదుగో, పెనం.

"నాంచారమ్మక్కా, నీకు దణ్ణం పెడతాను, పొయ్యకు" అన్నాను.

"ఒరే సూరిగా, పుణ్యానికి పోత్తంటే ఏడుత్తావేంట్రా? మీ మెట్టోళ్ళకి నీళ్ళంటే అంత పిసినారితనం ఎందుకురా?"

అట్టముక్క మీద 'ఇందు నీళ్ళు పోయరాదు' అని రాయించి గుచ్చాను. కాలువల ఆఫీసు ముందు ఆ బోర్డు చూసి బజారంతా నవ్వింది. మూడోరోజున ఒక పెద్దాయన, కాలువ శివారు రైతు, అర్జీ పట్టుకొచ్చాడు. శివారంటే కాలువ ఆఖరి కొస. అక్కడికి నీళ్ళు చేరేసరికి పైవాళ్ళు రెండో కలుపు తీస్తుంటారు. ఆయన బోర్డు చదివాడు. పెనంలో మట్టి పైన తేలుతున్న నీళ్ళు చూశాడు. గొంతు పెంచి, "మా చేలకి పొయ్యరు. ఇందులో మాత్రం నిలగట్టుకున్నారు, పైగా పొయ్యొద్దని బోర్డా!" అన్నాడు. ఈ.ఈ. గారి కిటికీ తెరిచే ఉంది. మధ్యాహ్నానికల్లా బోర్డు తీసెయ్యమని కబురు వచ్చింది.

ఆపైన ఆకాశం కూడా తనవంతు పోసింది. రోజుకి రెండుసార్లు చెంబుతో తోడేవాణ్ణి. ఆగస్టు నడిమికి గడ్డి గులాబీ జావ అయింది. చామంతి అడుగాకులు నల్లబడి, పట్టుకుంటే మొక్క వేళ్ళు లేకుండా చేతిలోకి వచ్చింది. బంతి, కోడిజుట్టు ఒకే రోజు తలలు వాల్చాయి. మిగిలింది మెట్టతామర ఒక్కటి. అది మాత్రం పచ్చగా, బలంగా, పక్కవాళ్ళంతా పోయాక వాటా కలిసొచ్చినవాడిలా నిలబడింది. పెనంలోంచి వచ్చే వాసనకి పోర్టికోలో ఎవరూ నిలబడటం లేదు.

ఈ.ఈ. గారు కిందికి దిగి వచ్చి ముక్కుకి రుమాలు పెట్టుకుని చూశారు.

"అయిదింట్లో నాలుగు చంపావు."

"చిల్లు..."

"చిల్లు, చిల్లు! నీకు మొక్కలు పెంచడం వచ్చా, చిల్లులు పెట్టడం వచ్చా? జనవరికి ఇందులో పూలుంటే జాబితాలో నీ పేరుంటుంది. లేకపోతే మాలీ పోస్టు ఎందుకు దండగ అని నేనే రాస్తాను."

ఆ మాట ఆయన కోపంలో అన్నారు గాని, రాసే మనిషే. మైలవరంలో మా ఆవిడా ఇద్దరు పిల్లలూ బెజవాడలో అద్దె గదికి రావడానికి పెట్టె సర్దుకుని ఉన్నారు. ఆ పెట్టె అలాగే ఉండనిమ్మని ఉత్తరం రాయించాను.

ఒక్క తెలివైన పని మాత్రం ముందే చేసి ఉన్నాను. పంపుషెడ్డు వెనకాల, ఎవరి చెంబూ చేరని చోట, అన్ని రకాలవీ మారుమొక్కలు మట్టికుండీల్లో పెంచుతున్నాను. మాలీ ఎప్పుడూ తొట్టిలో ఎన్ని పెడతాడో అన్ని వెనకాల దాచుకోవాలి. చామంతి పిలకలకి ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి తలలు తుంచాను. తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, కొమ్మకో పువ్వు. ఈ పని చూసి రత్నం గారు బాధపడ్డారు, బతికున్నవాటిని కూడా చంపుతున్నానని. ఆయనకి చామంతులంటే ప్రాణం. క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టుకుంటారు.

మొక్కలున్నాయి. పెనం ఉంది. చిల్లే లేదు. పై ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. సెప్టెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం పెనం పక్కన కూచుని నీళ్ళు తోడుతూ, చిల్లుని, ప్రభుత్వాన్ని, చెరకు రైతుని, పేరుపేరునా తిడుతున్నాను. నాంచారమ్మ కుండ దించి నిలబడి వింది.

"ఏంట్రా, పడవలో కూకున్నోడిలా తోడుతున్నావు?"

"అడుగున చిల్లు లేదక్కా. నీళ్ళు ఎటు పోతాయి?"

"పడవకి చిల్లుంటదేంట్రా ఎర్రిమొకమా?" అంది. "పడవ అడుగున ఎప్పుడూ నీళ్ళుంటాయి. ఆ నీళ్ళలో చేపలు పోసుకుంటామా? కుళ్ళిపోవూ? అడ్డకర్రలేసి, తడకేసి, ఆపైన బుట్టలెడతాం. నీళ్ళు కిందుంటాయి, చేపలు పైనుంటాయి. ఓ మూల సందొదిలి, అక్కడ తోడి పారబోత్తాం. ఈ మాత్రానికి సర్కారోణ్ణి అడగాలా?"

నేను చెంబు కింద పెట్టాను. మూడునెలలు చిల్లు చిల్లు అని ఊరంతా తిరిగాను. చిల్లు లేకుండా తరతరాలు సముద్రం మీద బతికిన మనిషి రోజూ నా పెనంలోనే నీళ్ళు పోస్తోంది, నేను ఆమెని తిడుతున్నాను. ఆ సంగతి ఆమెతో అనలేదు. అంటే ఇప్పటికీ చెప్పుకునేది.

మర్నాడే పెనం ఖాళీ చేశాను. అడుగున ఇటుకలు పడుకోబెట్టి, వాటిమీద వెదురు తడక వేశాను. తడక మీద మొక్కలు విడిగా నాటకుండా కుండీలతోసహా పెట్టాను. కుండీకి అడుగున చిల్లు ఉంటుంది, అది కుమ్మరి పెట్టిన చిల్లు, ఏ రిజిస్టరులోనూ లేదు. కుండీకీ కుండీకీ మధ్య ఊక కూరి, అంచులు కనపడకుండా పైన రెండువేళ్ళ మందం మట్టి పరిచాను. మెట్టతామర కుండీకి మాత్రం తడక కోసి నేరుగా అడుగున నీళ్ళలో దించాను, దాని సరదా దానిది. ఒక మూల, లావాటి వెదురుబొంగు నిలువుగా గుచ్చి, దాని మొహం ఆకుల్లో దాచాను. బొంగులో పుల్ల దించితే అడుగున ఎంత నీరుందో తెలుస్తుంది. ఎక్కువైతే, గోడలు కట్టే మేస్త్రీలు మట్టం చూసుకునే రబ్బరుగొట్టం ఒక కొస బొంగులోకి దించి, రెండో కొస నోటితో పీల్చి కిందికి వదిలేస్తే నీరు దానంతటదే బయటికి వస్తుంది. సరైన క్షణంలో నోరు తీసెయ్యాలి. మొదటి పదిసార్లు తియ్యలేకపోయాను. మెట్టతామర తాగేది ఏమిటో మాలీల్లో నాకే బాగా తెలుసు.

ఇప్పుడు ఎవరి దాహం వాళ్ళది. చామంతికి దాని కుండీలో నా కొలతన పోస్తాను. గడ్డి గులాబీని మర్చిపోతాను. తక్కినవాళ్ళు ఎక్కడ పోసినా ఆ నీరు ఊకలోంచి అడుగుకి దిగిపోతుంది. నాంచారమ్మకి మటుకు మెట్టతామర మొదలు చూపించి, "అక్కా, నీ నీళ్ళన్నీ దీనికే" అన్నాను. "దారికొచ్చావు" అంది. అక్టోబరు వానలకి రోజూ గొట్టం పెట్టాల్సి వచ్చింది గాని ఒక్క మొక్క పోలేదు. డిసెంబరులో చామంతి మొగ్గ విచ్చేసరికి పెనం ఇనుము కనపడటం మానేసింది. అంచు చుట్టూ గడ్డి గులాబీ, దానిపైన బంతి, నెత్తిన ఎర్రగా కోడిజుట్టు. రత్నం గారు పండక్కి నాలుగు చామంతులు అడిగారు. సర్వే రిపోర్టు మూడు కాపీలు కావాలన్నాను. ఆయన నొచ్చుకున్నారు. వెనకాల కుండీలోవి ఎనిమిది కోసి ఇచ్చాను.

జనవరి మూడోవారంలో ఎస్.ఈ. గారు వచ్చారు. పొట్టిమనిషి, మాట తక్కువ. జీపు దిగారు, పెనం చూశారు, ఆగారు. ఈ.ఈ. గారి ముఖం వెలిగింది. ఎస్.ఈ. గారు లోపలికి పోకుండా పెనం దగ్గరికి వచ్చి, వంగి, చూపుడువేలు మట్టిలో గుచ్చారు. అలా వేలు గుచ్చేవాడు ఇంట్లో మొక్కలు పెంచేవాడే. రెండు కణుపులు దిగేసరికి ఆయన వేలికి ఊక తగిలింది. చామంతి మొదలు పట్టుకుని కొంచెం కదిపారు. కుండీ అంచు పైకి తేలింది.

పోర్టికోలో పాతికమంది ఉన్నాం. అందరం మెడలు చాపి ఆ అంచు చూశాం.

"కలిపి నాటారని చెప్పారే?" అన్నారు, ఈ.ఈ. గారి వైపు తిరిగి. ఈ.ఈ. గారు నావైపు తిరిగారు. నా వెనకాల గోడ ఉంది.

"కలిపే నాటానండి. చూడటానికి అంతా ఒక్క కాపురం. నీళ్ళ దగ్గర మాత్రం వేరు పెట్టానండి. లేకపోతే నాలుగు చచ్చి ఒకటి బతుకుతోందండి" అన్నాను. అని, ఇక ఎలాగూ పోయిందే కదా అని తడక, ఇటుకలు, బొంగు, అన్నీ చూపించాను. తడక ఎవరి ఆలోచనో కూడా చెప్పాను. నాంచారమ్మ స్తంభం వెనక్కి పోయింది.

ఆయన నవ్వలేదు. బొంగులో పుల్ల దించి తీసి తడి ఎంతవరకుందో చూశారు. "ఇంత అవస్థ ఎందుకు? అడుగున చిల్లు పొడిస్తే సరిపోయేది కదా? ఈ ఆఫీసులో ఎవరికీ ఆ మాత్రం తట్టలేదా?" అన్నారు.

అప్పుడు యేసురత్నం గారు ముందుకొచ్చారు. ఆ రోజు చూడాలి ఆయన్ని. చంకలో ఫైలు సిద్ధంగా ఉంది. "తట్టిందండి. జులైలో తమ మంజూరు కోసం పంపించామండి. సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి జ్ఞాపకం చేస్తూ రాశామండి. ఇంకా తమ ఆఫీసులోనే ఉందండి" అన్నారు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజం చెప్పేవాడికి అది అక్కర్లేదు.

ఎస్.ఈ. గారు వెంటవచ్చిన తన గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా బంతిపూల వైపు చూశాడు.

మధ్యాహ్నం జాబితా మీద సంతకాలయ్యాయి. నా పేరు నాలుగోది. ఎదురుగా రిమార్కుల గడిలో ఎస్.ఈ. గారు స్వయంగా ఏదో రాశారని విని, రత్నం గారిని అడిగాను. 'నీళ్ళు ఎటు పోవాలో తెలిసిన మనిషి' అని రాశారట. కాలువల శాఖలో అంతకంటే పెద్ద మెప్పు ఇంజనీర్లకే రాదని రత్నం గారు అన్నారు. ఏప్రిల్‌లో పర్మనెంటు ఆర్డరు వచ్చింది. మా ఆవిడ సర్దిన పెట్టె బెజవాడ వచ్చింది.

చిల్లు మంజూరు మటుకు ఆ మరుసటి ఏడు వేసవిలో వచ్చింది. సదరు పెనమునకు అడుగున ఒక అంగుళము మించకుండా నాలుగు రంధ్రములు, శాఖ కమ్మరి ద్వారా, స్టోర్‌కీపరు సమక్షములో. రత్నం గారు కమ్మరిని పిలిపించారు. నేను కుండీలు తీసి, తడక తీసి, ఇటుకలు తీశాను. పెనాన్ని నలుగురం కలిసి పక్కకి ఒరగేశాం. అడుగున అరచెయ్యంత మేర వెలుతురు కనపడింది. రెండేళ్ళు నీళ్ళలో నాని తుప్పు తినేసింది. ఆ వేసవి బొంగులో పుల్ల పొడిగా వస్తుంటే ఎండల వల్లనుకున్నాను. ఆ చుట్టుపక్కల వేలు పెడితే పెచ్చులూడుతోంది.

"ఇదేమిటి సూరయ్యా?" అన్నారు రత్నం గారు.

"చిల్లండి. మనం అడిగిందే. కాస్త ముందొచ్చింది."

ఆయన నవ్వుతారేమో అని చూశాను. ఆయన కూచుని ఆలోచనలో పడ్డారు. మంజూరైనవి నాలుగు, అంగుళం చొప్పున. ఉన్నది ఒకటి, అరచెయ్యంత, మంజూరుకి ముందుదో వెనకదో తెలియదు. వారం తిరిగేసరికి నా పర్మనెంటు సర్వీసులో మొట్టమొదటి మెమో అందుకున్నాను: అనుమతి అందుటకు పూర్వమే పెనమునకు రంధ్రము ఏర్పడుటకు గల కారణము వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మెమో తయారుచేసింది రత్నం గారు. నాకు రాత సరిగా రాదు గనక జవాబు రాసిపెట్టింది కూడా రత్నం గారే. 'నీళ్ళు పోవుటకు దారి ఇవ్వనందున అవే చేసుకున్నవి' అని చెప్పాను. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా రాశారు. అది సర్వీసు పుస్తకంలో ఉండాలి.

ఆ తరవాత ముప్ఫయ్యేళ్ళ దాకా తొట్లు నాటాను. సిమెంటువి, చెక్కవి, పాత పడవలు, డ్రమ్ములు. ఆ పెనం దగ్గర నేర్చుకున్నవే అన్నిట్లోనూ వాడాను. కలిపి నాటేటప్పుడు రంగులు తరవాత చూడాలి, ముందు ఎవరు ఎంత తాగుతారో చూడాలి. నీళ్ళు పోసేవాళ్ళని ఆపలేం గనక, పోసిన నీళ్ళు ఎటు పోవాలో మనమే చూసుకోవాలి. చిల్లు సంగతి మరీ ముఖ్యం. రిజిస్టరులోకి ఎక్కాక అది ప్రభుత్వ ఆస్తి, ఎక్కకముందు అది ఉత్త తొట్టి. అంచేత కొత్త తొట్టి బండి దిగగానే నేను ఉలీ సుత్తీ పట్టుకుని స్టోర్సు ముందు నిలబడేవాణ్ణి. యేసురత్నం గారు రిటైరయ్యేదాకా, నన్ను చూడగానే రిజిస్టరు మూసి టీకి వెళ్ళేవారు. పావుగంటకి తిరిగొచ్చి, తొట్టి బోర్లించి చూసుకుని, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసేవారు: తొట్టి, ఒకటి, నాలుగు చిల్లులు, మంచి స్థితి.